మోచేయి మీద సీతారావమ్మ పేరు

తెనాలి స్టీలు సామాన్ల కొట్టు చలపతిరావు పెళ్ళి గంగాళాలు కరిగించి విమానం చేశాడు. పక్కసీట్లో సీతారావమ్మను కూర్చోబెట్టుకుని రేపల్లెలో లేచి, బాపట్ల దగ్గర సముద్రం మీద మూడు చుట్లు కొట్టి, పొయ్యి మీద పెట్టిన ఉప్మా అడుగంటకముందే తిరిగొచ్చి దిగాడు.

సరే, గంగాళాలు కాదు. మూడు చుట్లు కూడా కాదు. సముద్రం దూరంగా, కొబ్బరిచెట్ల సందులోంచి కనబడిందంతే. ఉప్మా మాత్రం నిజం. అది అడుగంటిందన్నదీ నిజమే. మిగతాది విని మీరే తేల్చుకోండి.

చలపతిరావు కొట్టు తెనాలిలో నలుగురూ ఎరిగినదే. అక్కడ గిన్నె కొన్నవాళ్ళెవరూ పేరు చెక్కించుకోకుండా మెట్లు దిగి ఎరగరు. గల్లాపెట్టె పక్కనే పేర్లు చెక్కే చిన్న కరెంటు మిషను ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుంటే జుయ్యిమని తేనెటీగలాగా పాడుతుంది. పెళ్ళికూతుళ్ళ పేర్లు, అత్తగార్ల పేర్లు, గుడికి బిందె ఇచ్చిన దాతల పేర్లు, ఇంటిపేరుతో, ఊరిపేరుతో సహా చెక్కీ చెక్కీ ఆయన చేతిరాత ఆ చుట్టుపక్కల ప్రతి వంటింట్లోకీ చేరింది. నందివెలుగులో ఎవరింట్లో మంచినీళ్ళు తాగినా గ్లాసు మీద తన రాత చూసుకుని మురిసిపోవడం ఆయనకు అలవాటు.

ఒక్క తన ఇంట్లోనే ఒక లోటు ఉండేది. దాన్ని ఆయన ఏనాడూ గమనించలేదు. ఇంట్లో గిన్నెలన్నీ వాళ్ళమ్మ పేరుతోనో, అక్కగారి పేరుతోనో ఉన్నాయి. అమృతలూరు నుంచి కాపరానికొచ్చిన సీతారావమ్మ పేరు గరిటె మీద కూడా లేదు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడగలేదు గనక అక్కర్లేదనుకున్నాడు. మగవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి.

కొట్టు కూతురు శ్రీజ చేతికి అప్పజెప్పాక ఆయనకు పొద్దు గడవలేదు. అలాంటి రోజుల్లో రేపల్లెలో వలి షెడ్డుకు వెళ్ళాడు. వలి నిజాంపట్నం చేపల వేటగాళ్ళకు ఫైబరు పడవలు చేసిస్తాడు. అచ్చులో గాజుగుడ్డ పరిచి, రెజిను జిగురు పూసి, ఆరాక ఊడదీస్తే పడవ బయటికొస్తుంది. ఇద్దరు మనుషులు ఎత్తుకుపోయేంత తేలిక, ఏనుగు తొక్కినా చెక్కుచెదరదు. చలపతిరావు ఆ పడవను బోర్లా తిప్పి చూశాడు.

"వలీ, దీనికి రెక్కలు పెడితే?"

"చేపలు నవ్విపోతాయి అన్నాయ్" అన్నాడు వలి.

కానీ వలి కూడా ఆ రాత్రి నిద్రపోలేదని తరవాత తెలిసింది. ఇంట్లో కట్టుకునే రెండు సీట్ల విమానానికి నక్షాలు దొరుకుతాయి. అవి తెప్పించారు. పై దేశాల్లో చాలామంది అలాంటివి గ్యారేజీల్లో కట్టుకుంటారట. ఒళ్ళంతా ఫైబరు, రెక్కలు ఫైబరు. ఆ పని వలికి నల్లేరు మీద బండి నడక. చిక్కంతా లోపల ఉంది. ముందు కూర్చున్నవాడు చేతికర్ర కదిపితే వెనక తోకరెక్క కదలాలి. నడుమ గొట్టాలు, కీళ్ళు, మోచేతుల్లా వంగిన ముక్కలు ఉంటాయి. అవి ఫైబరుతో కుదరవు, లోహమే కావాలి. లోహం మాట రాగానే చలపతిరావు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"లోహం సంగతి నాకొదిలెయ్యి. అంతా స్టెయిన్‌లెస్సే. అద్దంలా మెరవాలి."

దానికి అడ్డు తగిలింది హిమబిందు. సీతారావమ్మకు మేనకోడలు. బాపట్లలో ఇంజనీరింగు పిల్లలకు పాఠాలు చెబుతుంది. విమానం కబురు విని మేనత్త కంగారు పడి ఫోను చేస్తే, మామయ్యను ఆపడానికని తెనాలి బండెక్కింది. ఆపలేకపోయింది సరిగదా, ఆ సాయంత్రానికి తనే కొట్టులో కూర్చుని గిన్నెలు బోర్లించి పాఠం మొదలెట్టింది. కాన్వెంటులో సిస్టరు స్కేలు పట్టుకున్నట్టు ఒక గరిటె కూడా పట్టుకుంది.

"మామయ్యా, ఆ టిఫిను కేరియరు మూత తీయండి."

చలపతిరావు లాగాడు. రాలేదు. తొడల మధ్య ఇరికించి లాగాడు. రాలేదు.

"కొత్త సరుకమ్మా, బిగుసుకుంది."

"ఎందుకు బిగుసుకుంది? ఒకే జాతి స్టీలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని రాసుకుంటే కరుచుకుపోతాయి. ఇక్కడైతే అన్నం ఆలస్యమవుతుంది. అక్కడ చేతికర్ర బిగుసుకుంటే?"

చలపతిరావు మూత వైపు కొత్తగా చూశాడు. "మరి కీళ్ళల్లో ఏం పెట్టాలి?"

"స్టీలు తిరిగే చోట కంచు."

"కంచు!" ఆయన మొహం వెలిగింది. "మా తాత కంచం లోహమే. పాతకాలం వాళ్ళకి అన్నీ తెలుసే."

"వాళ్ళు విమానం కోసం తినలేదండి మామయ్యా. చేతికర్ర గొట్టానికేమో క్రోమోలీ స్టీలు. సన్నగా ఉన్నా మొండిది. మోచేతులకి అల్యూమినియం, బరువు తగ్గాలి గనక."

"అల్యూమినియమా? మా కొట్టులో పడేసి తొక్కితే సొట్టపోతుంది!"

"మీ అన్నపు గిన్నెది ఉత్త అల్యూమినియం, మెత్తనిది. దాన్లో వేరే లోహం కలిపితే గట్టిపడుతుంది. రాగి కలిపిన రకం అన్నిటికంటే గట్టి. కానీ మనం ఉన్నది సముద్రం ఒడ్డు. ఆ రకానికి ఉప్పుగాలి తగిలితే తెల్లగా పొరలు పొరలుగా లేచిపోతుంది. మెగ్నీషియం, సిలికాన్ కలిపిన రకం దానికంటే ఓ మెట్టు తక్కువే, కానీ మన ఊరి గాలికి తట్టుకుంటుంది. కాస్త మందంగా కోసుకుంటే సరి."

"అంటే బలమైన సంబంధం వదులుకుని, మన నీళ్ళు పడే సంబంధం చేసుకోమంటావు" అన్నాడు చలపతిరావు.

"అత్తయ్యను అలాగే చేసుకున్నారా?"

మేనకోడలికి కాఫీ పట్టుకొచ్చిన సీతారావమ్మ కొట్టు గుమ్మంలోంచి అంది, "నన్నెవరూ పరీక్ష చెయ్యలేదే. చేసుంటే అప్పుడే తెలిసేది ఎవరు మెత్తనో."

అలా మొదలైంది పని. హిమబిందు సెలవు రోజుల్లో బాపట్ల నుంచి స్కూటరు మీద రేపల్లె వచ్చేది. వలి కొన్నిచోట్ల బిగువు కోసం నల్లటి కార్బను గుడ్డ వాడదామంటే, దానికి అల్యూమినియం ఆనితే ఉప్పుగాలికి లోహాన్ని తినేస్తుందని చెప్పి, నడుమ ఒక పొర గాజుగుడ్డ వేయించింది. "పడవల్లో కూడా అంతేనమ్మా, అల్యూమినియం రేకుకి స్టీలు బోల్టు వేస్తే చుట్టూ చిల్లు పడుతుంది" అని వలి తలూపాడు. నేల మీద పరుగు తీయించి చూసుకోవడానికి అనుమతి కూడా సంపాదించారు. పరుగు మాత్రమే. గాల్లోకి లేవడానికి వేరే అనుమతి, అది ఇంకా రావాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి.

తోకరెక్క మోచేయి తయారైన రోజు ఆ ముక్క అరచేతిలో ఒదిగి, ఆవునెయ్యి వేసిన అట్టులా మెరుస్తోంది. చలపతిరావు దాన్ని తెనాలి తీసుకొచ్చాడు, నునుపు పట్టించడానికి. నునుపు పట్టించాడు. తరవాత ఆయన చెయ్యి దానంతటదే గల్లాపెట్టె పక్కకు పోయింది. జన్మంతా కొట్టులోంచి పేరు లేని ముక్క బయటికి పంపిన చెయ్యి కాదది. జుయ్యిమంది మిషను. "సీతారావమ్మ, తెనాలి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో చెక్కాడు. ఊపులో దాని జోడు ముక్క మీద కూడా చెక్కాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి సీతారావమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని చదివింది. అక్షరాల మీద వేలు రాసింది. ముక్కను దీపం వైపు తిప్పి మళ్ళీ చదివింది.

"ఏంటే, బాలేదా?"

"ఈ ఇంట్లో నా పేరు రాసిన మొదటి వస్తువండీ ఇది" అంది.

చలపతిరావు తల తిప్పి వంటింటి అలమర వంక చూశాడు. అన్ని గిన్నెల మీదా వాళ్ళమ్మే. మర్నాటికి అమృతలూరులో సీతారావమ్మ పుట్టింటి వీధి వీధంతా ఆ మోచేయి ఫోటో ఫోన్లలో తిరిగింది.

హిమబిందు ఆ ముక్క చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇది పనికిరాదు మామయ్యా. గీత పడిన చోటే లోహం అలుపు మొదలవుతుంది. ఇటు లాగీ అటు లాగీ, ఆ గీతలోంచే పగులు బయల్దేరుతుంది. ఇదేం గిన్నె కాదు."

"నా గీత వెంట్రుకంత కూడా లోతుండదు!"

"వెంట్రుక చాలు."

"అమ్మాయ్, మీ అత్తయ్య పేరమ్మా ఇది."

హిమబిందు మెత్తబడలేదు గానీ మాట మార్చింది. "అయితే పరీక్ష పెడదాం."

పరీక్ష ఏర్పాటు వలిది. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు ఉంటుందే, దాని మోటారూ గేరూ ఊడదీసి బల్లకు బిగించాడు. అది తిరిగినప్పుడల్లా మోచేతిని విమానం పెట్టే బాధకంటే ఎక్కువ బాధ పెట్టి, ఇటు వంచి అటు వంచుతుంది. పేరున్న ముక్క ఒకటీ, అదే రేకులోంచి కోసిన పేరులేని ముక్క ఒకటీ పక్కపక్కన తగిలించారు. పేరున్న రెండో ముక్కను విమానంలో బిగించి ఉంచారు, ఇది నెగ్గితే అది ఉంటుందని ఒప్పందం. కుర్చీ వేసుకుని చలపతిరావు కాపలా కూర్చున్నాడు. క్రికెట్టు చూసేవాడిలాగా "నా తల్లే, నిలబడమ్మా, పరువు కాపాడు" అని మోచేతిని బతిమాలేవాడు. వలి అటు వెళ్తూ పేరులేని ముక్క వైపు చేరి "నువ్వు కూడా బానే ఉన్నావులే" అని ఉడికించేవాడు.

వారాలు గడిచాయి. రెండూ విరగలేదు. హిమబిందు భూతద్దం పెట్టి చూసింది, ఏమీ కనబడలేదు.

"నెగ్గాం!" అని అరిచాడు చలపతిరావు.

"అప్పుడే కాదు. పగులుందో లేదో తేల్చే ఎర్రరంగు ఒకటుంది. పూసి తుడిస్తే పగుళ్ళలో మాత్రం నిలుస్తుంది. మా ల్యాబులో సీసా అయిపోయింది, తెప్పిస్తున్నాను. నేల మీద పరుగైతే ముహూర్తానికి కానివ్వండి. గాల్లోకి మాత్రం ఆ పరీక్ష అయ్యాకే."

ముహూర్తం పెట్టింది సీతారావమ్మ. పరుగుకు చోటు వలి బావమరిది రొయ్యల చెరువు. రొయ్యల పట్టుబడి అయ్యాక ఎండబెట్టిన చెరువు సిమెంటు రోడ్డులా గట్టిపడి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్క గడ్డిపరక లేకుండా పరుచుకుని ఉంది. గట్టు మీద గ్యాసు పొయ్యి పెట్టి సీతారావమ్మే ఉప్మా ఎక్కించింది. పక్కసీటు తనదని ముందే చెప్పేసింది. "నా పేరున్న బండిలో నేను కాక ఇంకెవరు కూర్చుంటారు?"

ముందు పూజ. ఇంజనుకు నిమ్మకాయలు, ముక్కుకు పూలదండ. తరవాత తోక దగ్గర మూత తీయించి, పేరున్న మోచేతికి బొట్టు పెట్టబోయింది. నున్నటి లోహం మీద కుంకుమ నిలవలేదు, జారిపోయింది. ఆవిడ తక్కువదా? కొబ్బరినూనె చుక్క వేసి రంగరించి పేరంతా నిండేలా పులిమింది. "పరీక్ష నెగ్గిన దాన్ని కూడా పట్రండి, పాపం దానిదీ నా పేరే" అని షెడ్డు నుంచి పరీక్షముక్కలు రెండూ తెప్పించి దానికీ పులిమింది. మనసాగక పేరులేని దానికి కూడా ఓ వేలు రాసింది. హారతి ఇచ్చి ఉప్మా కలపడానికి వెళ్ళింది.

మెరిసే లోహం మీద నూనె మరక చలపతిరావు ఓర్వలేడు. తుండు తీసి మూడూ శుభ్రంగా తుడిచాడు. పేరులేనిది మెరిసింది. విమానంలో ఉన్నదాని మీద అక్షరాలు మాత్రం ఎర్రగా, ముచ్చటగా నిలిచాయి. పరీక్ష నెగ్గిన ముక్క మీదా అక్షరాలు నిలిచాయి. కానీ అక్కడ 'సీ' గుడిదీర్ఘం చివర్న ఒక ఎర్ర పోగు ఉంది.

తుండు దారమనుకుని ఊదాడు. పోలేదు. గోటితో గీకాడు. పోలేదు. మళ్ళీ తుడిచాడు. ఆ ఎర్ర పోగు అక్షరం దిగి, నున్నటి లోహం మీదుగా, బోల్టు చిల్లు వైపు వంకరగా వెళుతోంది. తను చెక్కని గీత అది.

చలపతిరావు ముక్కను తుండులో చుట్టి అటూ ఇటూ చూశాడు. హిమబిందు చెరువు అవతలి గట్టున జెండా పట్టుకుని నిలబడింది. వలి ఇంజను దగ్గరున్నాడు. చూసింది తనొక్కడే. విమానంలో ఉన్న ముక్క ఇంకా పగల్లేదు కదా, ఇవాళ నేల మీద పరుగే కదా, ఇవాళ్టికి పోనిచ్చి రేపు నెమ్మదిగా చెబుదామని ఒక మనసు. ఆ మనసు మాట భలే తియ్యగా ఉంది. గట్టు మీద సీతారావమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, పుట్టింటి వాళ్ళకు ఫోనులో విమానం చూపిస్తూ నవ్వుతోంది. ఆవిడ అంత గట్టిగా నవ్వగా ఆయన ఎప్పుడు విన్నాడో గుర్తు రాలేదు.

ఇంకా పగల్లేదు. కానీ విమానంలోదీ రేపు ఇదే దారి పడుతుంది.

"సీతా, ఇలా రా" అన్నాడు.

ఆవిడ గరిటెతో సహా వచ్చింది. ఆయన ముక్క చేతిలో పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని, ఎర్ర పోగును గోటితో చిల్లుదాకా తడిమింది.

"ఇది మీరు రాసింది కాదే."

"కాదు. నేను రాసిందాన్ని పట్టుకుని అదే రాసుకుంది." ఆయన తలెత్తలేదు. "నీ పేరు తీసెయ్యాలే. ఎందుకైనా మంచిదని బిందు కోసి ఉంచిన కొత్త ఉత్త ముక్క సంచీలో ఉంది. అది బిగించాలి."

 ఉప్మా అడుగంటిన వాసన మొదలైంది.

"నాకు ఇన్నేళ్ళకు ఒక పేరు రాశారు" అంది సీతారావమ్మ. "రాసి రాసి పోయి పోయి విరిగే చోట రాశారా?"

"అలవాటు..."

"మీ అమ్మగారి పేరున్న గిన్నె ఒక్కటైనా పగిలిందా? ఎందుకు పగలదు? పొయ్యి మీద కూర్చుంటుంది గనక. గిన్నెలు ఎగరవు. రేపట్నించి ఆ మిషను ఇంటికి పట్రండి. చెంబు దగ్గర్నించి గంగాళం దాకా మా అత్తగారి కింద నా పేరు పడాలి. గరిటె కూడా వదలడానికి వీల్లేదు. ఆ వంకర ముక్క నాకివ్వండి, అట్లకాడ తగిలించుకుంటాను. దీన్లోకి ఉత్తదే వెయ్యండి. త్వరగా. ముహూర్తం దాటిపోతోంది."

చలపతిరావు ఆవిడ చేతిలో గరిటె వంక చూశాడు.

"ఇంకా చూస్తారేంటి? రేపు ఏదన్నా అయితే అమృతలూరులో ఏమంటారు, సీతారావమ్మను సీతారావమ్మే పడేసిందంటారు!"

వలి నవ్వాపుకోలేక స్పానరు కింద పడేసుకున్నాడు. పేరులేని మోచేయి బిగించేసి, "వదినా, నీ పేరు రెజినులో కలిపి సీటు వెనక గాజుగుడ్డ పొర కింద రాస్తాను. గీతా ఉండదు, బరువూ ఉండదు, వానకీ పోదు" అన్నాడు.

"ఊరి పేరు కూడా రాయి" అంది సీతారావమ్మ సీటెక్కుతూ.

ఇంజను అందుకుంది. విమానం చెరువులో పరుగు తీసింది. సగం దూరం దాటాక సముద్రం వైపు నుంచి ఒక్కసారిగా పెద్ద గాలి వచ్చి రెక్కల కింద దూరింది. చక్రాల చప్పుడు ఆగిపోయింది. సీతారావమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. ముక్కు ఆకాశం వైపు లేచిపోతుంటే చలపతిరావు చేతికర్రను నెమ్మదిగా ముందుకు నెట్టాడు. వెనక ఎక్కడో తోకలో, ఏ రాతా లేని ఆ మోచేయి ఆ బరువంతా పట్టుకుని, చెప్పినట్టు వంగి, చెప్పినట్టు తిరిగింది. కొబ్బరిచెట్ల సందులోంచి నీలంగా ఒక గీత కనబడింది. "అదేనా సముద్రం?" అని సీతారావమ్మ అడుగుతుండగానే చక్రాలు మళ్ళీ నేలను తాకాయి.

ఎంత ఎత్తు లేచారంటే వలి తాటిచెట్టంత అంటాడు. హిమబిందు మోకాలంత అంటుంది. ఆ మాటన్నాక మామయ్యను అనుమతి లేకుండా లేచినందుకు చెరువు చుట్టూ తరిమిందంటారు.

మొన్న తెనాలిలో చలపతిరావు ఇంటికెళ్ళి ఈ కథంతా ఆయనకు చదివి వినిపిస్తే, మంచం మీద బాసింపట్టు వేసుకుని ఓపిగ్గా విన్నాడు. వంటింటి గోడ మేకుకు ఒక మెరిసే వంకర ముక్క వేలాడుతోంది. దానికి అట్లకాడ తగిలించి ఉంది.

"ఒక్క ముక్క నిజం లేదు" అన్నాడు చలపతిరావు. "విమానం లేదు. రొయ్యల చెరువు లేదు. పగులు లేదు. గాలి రాలేదు. వస్తే మేం అక్కడ లేం. ఉంటే చక్రాలు నేల మీదే ఉన్నాయి. వలి ఎవరో నాకు తెలీదు. మా ఇంట్లో గిన్నెల మీద మొదట్నించీ మా ఆవిడ పేరే ఉంది."

"కాఫీ తీసుకోండి" అంది సీతారావమ్మ.

గ్లాసు మీద రెండు పేర్లున్నాయి, ఒకటి అరిగిపోయినది, కింద ఒకటి కొత్తది.

"అది కూడా అబద్ధం" అన్నాడు చలపతిరావు, గ్లాసు అటు తిప్పి పెడుతూ.